అయిదో దారి

"ఆ అయిదో దారి మా క్లబ్బువాళ్ళు వేసింది కాదు మేడం. మీ నాన్నగారిని అడగండి." ఈ మాట అనేసి జీపుల క్లబ్బు పెద్ద రాజేంద్ర తన బండెక్కి వెళ్ళిపోయాడు. తనూజ ఎర్ర కంకర మీద ఎండలో ఒక్కతే మిగిలింది. పోయినవారం కథ అక్కడ ఆగింది.

బిలాస్‌పూర్ నుంచి రతన్‌పూర్ వెళ్ళే రోడ్డుకి ఎడమపక్క, సెమర్‌డీహ్ అనే ఊరిదాకా పరుచుకున్న ప్రభుత్వ భూమి అది. అలాంటి నేలని ఇక్కడివాళ్ళు భాటా అంటారు. వరి పండదు, చెట్టు ఎదగదు. పశువులు మేస్తాయి. వేసవిలో కొన్ని పిట్టలు గూడన్నది కట్టకుండా ఒట్టి కంకర మీదే గుడ్లు పెడతాయి. కొన్నేళ్ళుగా ఆదివారం ఆదివారం సిటీ నుంచి జీపులూ మోటారు సైకిళ్ళూ వచ్చి ఆ నేల మీద ఎగిరెగిరి పడుతున్నాయి. ఏ దారుల్లో బళ్ళని తిరగనివ్వచ్చో, ఏవి మూసెయ్యాలో పరిశీలించి చెప్పమని జిల్లా కమిటీ తనూజని నియమించింది. అంతకుముందు ఆమె రాజస్థాన్ ఎడారిలో ఇదే పని చేసి వచ్చిన మనిషి.

కమిటీ మ్యాపులో ఉన్నవి నాలుగు దారులు. అయిదోది మ్యాపులో లేదు. పిట్టలు గుడ్లు పెట్టే చదును నేలని అది నిలువునా కోసుకుంటూ పోతుంది. దాన్ని వెంటనే మూసెయ్యమని తనూజ రాసి పంపేసింది. పంపాకే రాజేంద్ర ఆ మాట అన్నాడు.

ఆమె బిలాస్‌పూర్ తోర్వాలో ఇంటికి వచ్చేసరికి తండ్రి తిరుమలరావు జీపు బానెట్ ఎత్తి, ఎయిర్ ఫిల్టర్ బయటికి తీసి, నేలకేసి తట్టి దుమ్ము దులుపుతున్నాడు. ఆయన రైల్వేలో లోకో పైలట్‌గా చేసి రిటైరయ్యాడు. రిటైరయ్యాక ఆ పాత జీపు కొన్నాడు. పేకాటకి పోయే స్నేహితులు నవ్వారు. ఆయన పట్టించుకోలేదు.

"నాన్నా, భాటా మీద బండి తోలుతున్నావా నువ్వు?"

"తోల్తన్నాను. నీకు తెలీదేటి?"

"రెండో దారిలో ఓ చుట్టు చుట్టి వస్తావని తెలుసు. నేనడిగేది అది కాదు. సెమర్‌డీహ్ నుంచి రోడ్డు మీదికి తిన్నగా వచ్చే దారి గురించి."

తిరుమలరావు ఫిల్టర్‌ని గుడ్డతో తుడిచాడు. దాచాలనుకునే మనిషిలా కనిపించలేదు.

"అది నేనే వేసేను," అన్నాడు.

తనూజ వరండా మెట్టు మీద కూర్చుంది. "వేశానంటే? ఒకసారి బండి పోయినంత మాత్రాన అలాంటి దారి పడదు నాన్నా. నేల పైపొర చిట్లిపోయింది. గాడి జానెడు లోతు దిగింది. ఒకే చోట మళ్ళీ మళ్ళీ తోలితే తప్ప అలా పడదు."

"మళ్ళీ మళ్ళీ తోలేను. అలగ పడాలనే తోలేను. పక్కన రాళ్ళు పెట్టి సున్నం కూడా రాసేను."

ఆ తెల్లరాళ్ళని తనూజ చూసింది. రాజేంద్ర క్లబ్బువాళ్ళు పోటీల కోసం పెట్టుకున్నారనుకుంది.

"ఎందుకు?"

"ఆ ఊరికి దారి కావాల."

"ఊరికి రోడ్డుంది కదా."

"వానాకాలం ఉండదు. నాలా పొంగితే వంతెన మునిగిపోద్ది. భాటా మిట్ట కదా, అక్కడ నీళ్ళు నిలవవు."

"అచ్ఛా. అయితే దానికి పంచాయతీ ఉంది, బ్లాకు ఆఫీసుంది. రోడ్డు వెయ్యడానికి నువ్వెవరు?"

"నేనెవర్నీ కాదు," అన్నాడు తిరుమలరావు.

తల్లి శారద టీ తెచ్చి ఇద్దరి మధ్యా మెట్టు మీద పెట్టి, లోపలికి పోకుండా గుమ్మంలో నిలబడింది. ఆయన టీ అందుకోలేదు.

"సర్వీసంతా బొగ్గు బళ్ళు లాగేను," అన్నాడు. "ఇంజను నా చేతిలో, బ్రేకు నా చేతిలో. ఎటు తిప్పాలన్నది మాత్రం ఏనాడూ నా చేతిలో లేదు. ఎవడో ముందుగానే పట్టాలు వేసి ఉంచేడు, నేను ఎల్లేను. పట్టాలు లేనిచోట మనిషి ఎలాగెల్తాడో నాకు తెలీదు. అది నేర్చుకోడానికి టైము పట్టీసింది. అప్పటికి..."

"అప్పటికి?"

"ఏటీ లేదు."

తనూజ ఇంకోసారి అడిగింది. ఆయన ఫిల్టర్ లోపల పెట్టి బానెట్ మూసేశాడు. చిన్నప్పటినుంచీ ఆమెకి తెలిసిన పద్ధతే అది. డ్యూటీలో ఏదైనా జరిగితే ఆయన ఇంటికొచ్చి చెప్పేవాడు కాదు. పక్క క్వార్టరువాళ్ళ ద్వారా తెలిసేది.

"సరే, నేను చెప్పేది విను," అంది. ఆమె గొంతు పెరగలేదు, కాని మాటలు విడివిడిగా వచ్చాయి. "ఆ చదును మీద పగిలిన గుడ్లు చూశాను నేను. అదొక్కటే కాదు. నీ గాడి వాలుకి తిన్నగా ఉంది. మొదటి వానకి నీళ్ళన్నీ అందులోకి దిగి, మట్టి లాక్కుని సెమర్‌డీహ్ తలాబ్‌లోకి, ఊరి చెరువులోకి పోతాయి. ఏ ఊరి కోసం వేశావో ఆ ఊరి నీళ్ళే పాడవుతాయి."

"అది నాకు తెలీదు."

"ఎలా తెలుస్తుంది? అడిగితే కదా."

"నేను తోలింది ఒక్క బండి. ఆదివారం అన్ని బళ్ళు అందులో పడతాయని నాకేటి తెలుసు?"

"దారి కనిపిస్తే బండి వస్తుంది నాన్నా. ఎడారిలోనూ అంతే. ఒక్కడు నీళ్ళకోసం పోతాడు, ఆ గుర్తు చూసి ఇంకొకడు పోతాడు. ఏడాది తిరిగేసరికి మొదటివాడు ఎందుకు పోయాడో ఎవరికీ గుర్తుండదు."

తిరుమలరావు తలూపాడు. తప్పు ఒప్పుకున్నట్టు కాదు, సమాచారం అందినట్టు.

"నా సంగతి కూడా ఆలోచించు," అంది తనూజ. "మూసెయ్యమని రాసి పంపేశాను. ఇప్పుడు అది మా నాన్న వేసిన దారని బయటికొస్తే, ముందే తెలిసి దాచిందంటారు. తెరిచి ఉంచమంటే, తండ్రి కోసం మాట మార్చిందంటారు. రాజేంద్రకి కావలసింది అదే. నా రిపోర్టు మొత్తం పనికిరాకుండా పోతుంది, మిగతా నాలుగు దారుల గురించి రాసింది కూడా."

"నీకేది సరనిపిస్తే అది రాసీ. నా మొహం చూడకు."

ఆయన గేటు తీసుకుని బుధవారి బజారు వైపు నడిచి వెళ్ళిపోయాడు. తనూజ చల్లారిన టీ కప్పులు తీసింది.

"ఆ ఊరెళ్ళి కనుక్కో," అంది శారద. "మీ నాన్న నోటంట రాదు. నాకూ సగమే తెలుసు. పోయిన వానాకాలం ఓ రోజు తడిసి ముద్దయి వచ్చేరు. స్నానం చేసి పడుకున్నారు. రెండ్రోజులు అన్నం సరిగా తిన్లేదు. ఏటయ్యిందంటే జలుబన్నారు."

మర్నాడు పొద్దున్నే తనూజ జీపులో తండ్రి పక్కన కూర్చుంది. సెమర్‌డీహ్ తీసుకెళ్ళమంది. రతన్‌పూర్ రోడ్డు మీద బస్సులని దాటుకుని, భాటా దగ్గర ఎడమకి దించాడు.

ఎడారిలో ఆమె చాలామంది డ్రైవర్ల పక్కన కూర్చుంది. వాళ్ళు నేలని చూస్తూ, చక్రాన్ని అటూ ఇటూ ఆడిస్తూ, ఇసక ఎక్కడ మెత్తగా ఉందో పసిగడుతూ పోతారు. తిరుమలరావు అలా తోలలేదు. ముందు చక్రాలు రెండూ గాడిలోకి దింపి, చేతులు కదల్చకుండా, దూరంగా ఒకే చోట చూపు నిలిపి పోనిచ్చాడు. గాడి కూడా అలాగే ఉంది, గీత గీసినట్టు. మధ్యలో చదును నేల వచ్చినప్పుడు తనూజ ఆపమంది.

దిగి చుట్టూ నడిచింది. ఎడమవైపు కొద్ది దూరంలో నల్లబండ బయటపడి ఉంది. దాని మీద చక్రం ఎంత తిరిగినా గాడి పడదు. పిట్టలకీ అక్కడ పని లేదు.

"ఇటు తిప్పలేదేం?" అని అడిగింది.

"తిప్పొచ్చేటి?" అన్నాడు తిరుమలరావు. నిజంగానే అడిగాడు. తిన్నగా పోయేదే దారి అన్నది ఆయన ఒంట్లో ఎంత ఇంకిపోయిందో తనూజకి అప్పుడు తెలిసింది.

సెమర్‌డీహ్ చిన్న ఊరు. జీపు ఆగగానే ఒక ఆడమనిషి మేకల్ని అదిలిస్తూ వచ్చింది. పేరు సుకవారా. తిరుమలరావుని చూసి కొంగు సర్దుకుని "జోహార్, సియాన్" అంది. సియాన్ అంటే పెద్దాయన. ఆయన జోహార్ చెప్పి, బోరింగ్ దగ్గరికి నీళ్ళ డబ్బా తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ వెళ్ళడంలో తొందర కనిపించింది.

తనూజ ఫలానా అని చెప్పుకుంది. సుకవారా ఛత్తీస్‌గఢీలో మాట్లాడింది. తనూజకి అది చిన్నప్పటినుంచీ చెవికి అలవాటైన మాటే.

"నీ తండ్రి నీకు చెప్పలేదా, నోనీ?" అంది, కూతుర్ని పిలిచినట్టే.

"లేదు."

సుకవారా అరుగు మీద కూర్చోమంది. తను కూర్చోలేదు.

"నా కోడలికి నొప్పులొచ్చాయి. నాలా పొంగింది. ఫోను చేస్తే ఆస్పత్రి పెద్దబండి నాలా అవతలే నిలిచిపోయింది. మంచం మీద వేసుకుని నలుగురం భాటా మీదికి ఎక్కించాం. రోడ్డు ఎటో తెలుసు, కాని ఆ వానలో ముందున్న మనిషే కనపడడు. అప్పుడు నీ తండ్రి బండి దొరికింది. అతనికీ దారి తెలీదు. వానకి చిక్కుకుపోయాడు. కోడల్ని ఎక్కించుకుని బయల్దేరాం. ఎటు పోయినా గొయ్యో బురదో. పోయినచోటికే మళ్ళీ వచ్చాం. బండిలోనే కాన్పయింది."

ఆమె ఆగి, పక్కింటి దడి మీదికి ఎక్కబోతున్న మేకని తోలింది.

"మగబిడ్డ. ఏడవలేదు. నీ తండ్రి తన చొక్కా విప్పి ఇచ్చాడు చుట్టడానికి. ఆ తరవాత దారి దొరికింది. కోడలు దక్కింది."

తనూజ జీపు వైపు చూసింది.

"వాన తగ్గాక ఒకరోజు వచ్చాడు. సున్నం అడిగాడు. మా ఇంట్లో గోడలకి తెచ్చిందే ఇచ్చాను. ఆ తరవాత వారం వారం వచ్చి తోలేవాడు, ఇక్కణ్ణించి రోడ్డుకి, రోడ్డునించి ఇక్కడికి. పిచ్చివాడనుకున్నారు ఊళ్ళో. నేననుకోలేదు. ఇప్పుడు ఎంత వానొచ్చినా కళ్ళు మూసుకుని పోవచ్చు. దీపావళి ముందు పాము కరిచిన మనిషిని ఆ దారినే తీసుకుపోయారు. బతికాడు."

"ఆ దారి మూసెయ్యమని నేను రాశాను," అంది తనూజ. "ఇదంతా తెలియక."

"ఇప్పుడు తెలిసింది కదా."

"తెలిసింది. కాని ఆదివారం వచ్చే బళ్ళ సంగతి?"

సుకవారా మొహం మారింది. "వాటిని మూసెయ్యి. నా మేకపిల్ల నడుం విరగ్గొట్టారు. అడిగితే నవ్వారు. తలాబ్ నీళ్ళు చూడు, మొన్నటి జల్లుకే ఎర్రబారాయి. దారి కావాలి మాకు, వాళ్ళు వద్దు."

తనూజ ఆలోచించింది. ఎడారిలో ఒకచోట చేశారు అలాంటిది. "రెండు చివర్లా గేటు పెడితే? తాళం మీ ఊళ్ళోనే ఉంటుంది. మధ్యలో దారిని నల్లబండ మీదికి తిప్పుతాం. రోగి ఉంటేనే తియ్యాలి. తమాషాకి ఎవరొచ్చినా తియ్యకూడదు."

"తాళం మాకిస్తారా?"

"ఇవ్వమని రాస్తాను."

"నువ్వు రాస్తే ఇస్తారా?"

తనూజ నిజమే చెప్పింది. "తెలీదు."

సుకవారా ఆ జవాబుని కాసేపు తూచి చూసినట్టుంది. తరవాత లోపలికి కేకేసింది. పల్చటి పిల్ల ఒకతె చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. తనూజ ఆ పిల్ల మొహం చూడకుండా నీళ్ళు తాగింది. ఆ పిల్ల మాత్రం బోరింగ్ దగ్గరున్న తిరుమలరావుని చూసి, "బాబా అన్నం తిని వెళ్తారా?" అని అత్తని అడిగింది.

తిరుగు దారిలో జీపు మళ్ళీ గాడిలో పడింది. "నాకు చెప్పొచ్చు కదా నాన్నా," అంది తనూజ.

"చెప్పడానికేటుంది," అన్నాడు తిరుమలరావు. కొంత దూరం పోయాక, "తొందరగా తెలిసుంటే బతికేవాడు. అంతే," అన్నాడు.

ఆమె తహసీల్దారుకి ఫోన్ చేసింది. కమిటీ తరఫున ఈ వ్యవహారం చూసేది ఆయనే. ఎత్తలేదు. ఇంకోసారి చేస్తుండగా జీపు ఆగింది.

ముందు, చదును నేలకి ఇవతల, పసుపుపచ్చ జేసీబీ నిలబడి దారికి అడ్డంగా కందకం తవ్వుతోంది. సగం పైగా అయిపోయింది. తెల్లరాళ్ళు మట్టికుప్పలో కలిసిపోయాయి. పక్కన రాజేంద్ర గొడుగు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. వాళ్ళని చూసి లేచి వచ్చి, తిరుమలరావుకి నమస్కారం పెట్టాడు.

"ఆపించండి," అంది తనూజ.

"నేనెలా ఆపిస్తాను మేడం?" రాజేంద్ర హిందీలో మర్యాదగానే అన్నాడు. "వెంటనే మూసెయ్యమని మీరే రాశారు. పొద్దున తహసీల్ నుంచి ఆర్డరొచ్చింది. వాళ్ళ దగ్గర మిషన్ లేదంటే మా క్లబ్బు తరఫున పెట్టాం. ఒక దారి మూసేశారు కాబట్టి, మిగతా నాలుగూ మాకు ఉంచుతారు. అందరికీ బాగుంటుంది."

"ఆ ఊరికి వానాకాలం ఇదొక్కటే దారి."

"ఉండొచ్చు. అది మీ రిపోర్టులో లేదు." ఆయన కొంచెం దగ్గరికి వచ్చాడు. "మేడం, మీ నాన్నగారంటే నాకు గౌరవం. ఈ దారి ఎవరు వేశారన్నది నేను ఎవరికీ చెప్పలేదు, చెప్పను కూడా. కాని మీరు ఇవాళ ఈ పని ఆపితే, ఎందుకు ఆపారని అడుగుతారు. అప్పుడు చెప్పక తప్పదు."

బెదిరింపులా లేదు ఆ గొంతు. నిజానికి ఆయన ఇద్దరికీ మేలు చేస్తున్నాననే అనుకుంటున్నాడు.

తనూజ తండ్రి వైపు చూసింది. ఆయన స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కందకాన్ని చూస్తున్నాడు. ఆమె జీపు దిగి మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి తహసీల్దారు ఎత్తాడు. రాజేంద్రకి వినపడేంత దూరంలోనే నిలబడి ఆమె మాట్లాడింది.

"సార్, అయిదో దారి వేసింది మా నాన్న, తిరుమలరావు. నాకు నిన్ననే తెలిసింది. కారణం ఉంది, వచ్చి చెబుతాను. దాన్ని మూసెయ్యమని రాసింది పొరపాటు. ఆ ఊరిని అడక్కుండా రాశాను. కందకం ఆపించండి."

రాజేంద్ర గొడుగు కర్ర పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. చెప్పడానికి ఆయన దగ్గర ఇక ఏమీ మిగల్లేదు.

తహసీల్దారు నిదానంగా అన్నాడు. "మీరు నిజాయితీగా చెప్పినందుకు సంతోషం. కాని తండ్రి ఇందులో ఉన్నాక మీరు ఈ పరిశీలనలో ఉండటానికి లేదమ్మా. ఈ నిమిషం నుంచి లేరు. అవునా?"

"అవును సార్."

"మరి మీరు కమిటీ మనిషి కానప్పుడు, ఎవరి మాట మీద ఆపమంటారు? కొత్తవాళ్ళు వచ్చి చూసేదాకా ఇచ్చిన ఆర్డరు ఇచ్చినట్టే ఉంటుంది."

ఫోన్ పెట్టేశాడు.

జేసీబీ నడిపే మనిషి ఏం చెయ్యాలన్నట్టు ఆమెని చూశాడు, తరవాత రాజేంద్రని చూశాడు. రాజేంద్ర తల ఊపాడు. బకెట్ పైకి లేచి, మిగిలిన నేల వైపు తిరిగింది.

వెనక జీపు స్టార్టయిన చప్పుడు వినిపించింది. తనూజ పక్కకి తప్పుకుంది. తిరుమలరావు గాడి వదిలేసి, చక్రం పూర్తిగా ఎడమకి తిప్పి, మట్టికుప్ప అంచు తొక్కుకుంటూ వచ్చాడు. ఇంకా తవ్వని ఆ కాస్త నేల మీదికి ఎక్కించి, సరిగ్గా బకెట్ కింద ఆపాడు. ఇంజను ఆపి, తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు.

పైన బకెట్ గాలిలో నిలిచిపోయింది. దాని పళ్ళ సందుల్లోంచి ఎర్రమట్టి జీపు బానెట్ మీదికి రాలుతోంది.

"బాబూజీ, దిగండి," అన్నాడు రాజేంద్ర.

తిరుమలరావు దిగలేదు. "తనూ," అన్నాడు, ఆమెని చూడకుండా. "నీకిప్పుడు ఉద్యోగం అడ్డం లేదు కదా. వచ్చి కూర్చుంటావేటి?"